పాత మడ్ ఫైళ్లలో దారి లేని గది ఒకటి దొరికింది, ఎవరికైనా ఇలాంటివి ఎదురయ్యాయా?

మిణుగురు · శనివారం, రాత్రి 11:40

నమస్తే అందరికీ. ఇక్కడ చదవడమే తప్ప రాయడం తక్కువ నాకు, కానీ ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఇవాళ నిద్ర పట్టేలా లేదు.

1997 నుంచి 2000 దాకా నేను ఒక మడ్‌లో ఉండేదాన్ని. తెలియనివాళ్ల కోసం: మడ్ అంటే బొమ్మలు లేని ఆట. టెల్నెట్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌కి అక్షరాలతో కనెక్ట్ అయ్యే పద్ధతి) లోపలికి వెళ్తే తెర నిండా అక్షరాలే. "నువ్వు గుడి మంటపంలో ఉన్నావు, ఉత్తరానికీ దక్షిణానికీ దారులున్నాయి" అని వస్తుంది, నువ్వు ఉత్తరం అని కొడితే పక్క గదిలోకి వెళ్తావు. అక్కడ ఇంకో మనిషి ఉంటే మాట్లాడుకోవచ్చు. పేరుకే ఆట, సగం మంది కబుర్ల కోసం వచ్చేవాళ్లం. ఎంత రద్దీగా ఉన్నా ముప్పై నలభై మందిమి, అంతే. 2000లో సర్వర్ ఆగిపోయింది. ఎవరూ ఏమీ చెప్పలేదు, వీడ్కోలు లేదు, ఒకరోజు కనెక్ట్ అవలేదు, మర్నాడూ అవలేదు, వారం తర్వాత ప్రయత్నించడం మానేశాం. వేబ్యాక్ మెషీన్‌లో (పాత వెబ్ పేజీల కాపీలు దాచే సైట్) వెతికితే దాని హోమ్ పేజీ ఒక్కటే దొరికింది, అందులోనూ బొమ్మలు లేవు. అది వెబ్ పేజీలనే దాస్తుంది కదా, టెల్నెట్ లోపల జరిగింది దానికేం తెలుసు.

మొన్న అట్టపెట్టె సర్దుతుంటే రెండు ఫ్లాపీలు బయటపడ్డాయి. అప్పట్లో నేను బిల్డర్ని, ఆటలో ఒక చిత్తడినేల మొత్తం నేనే రాశాను, పరీక్షించుకోమని ఇంప్ (సర్వర్ నడిపే పెద్దమనిషి) ఫైళ్లన్నీ కాపీ చేసి పంపాడు. రెండోది డ్రైవ్‌లో పెడితే గరగరమని శబ్దం చేసి ఊరుకుంది. మొదటిది చదివింది. గదుల ఫైళ్లు మొత్తం ఉన్నాయి. సరదాకి చిన్న స్క్రిప్ట్ రాసి ఏ గది నుంచి ఏ గదికి దారి ఉందో మ్యాప్ గీయించా. వెయ్యికి పైగా గదుల్లో ఒక్కదానికి మాత్రం ఏ గది నుంచీ దారి లేదు.

నంబరు 9907. వర్ణన తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: "చిన్న గది. నాలుగు గోడలకీ అరలు. ఒక కిటికీ ఉంది, బయట ఏముందో ఇంకా రాయలేదు." గదిలోంచి కిందికి ఒక దారి ఉంది, అది గుడి మంటపంలోకి వెళ్తుంది. లోపలికి వచ్చే దారి మాత్రం ఎక్కడా లేదు. మూడేళ్లు అక్కడే పడి ఉన్నాను, అలాంటి గది ఉందని ఎవరూ అనగా వినలేదు.

ఎవరి కోసం రాసినట్టు?

---

నిద్రలేనివాడు · శనివారం, రాత్రి 11:58

బగ్ అయ్యుంటుంది లెండి. దారి పెట్టడం మర్చిపోయి ఉంటాడు. నేను రాసే కోడ్‌లో ఇలాంటి గదులు బోలెడు, వాటికి లోపలికీ దారి ఉండదు, బయటికీ ఉండదు.

కానీ "బయట ఏముందో ఇంకా రాయలేదు" అన్న వాక్యం బావుంది. అది నాకు కావాలి.

---

టేపుబాబాయ్ · ఆదివారం, ఉదయం 6:15

అమ్మా మిణుగురూ, ముందు ఒక మాట. ఆ రెండో ఫ్లాపీని మళ్లీ డ్రైవ్‌లో పెట్టకు. ఆ గరగర ఉంది చూశావా, పైపూత లేస్తోందనో, బూజు పట్టిందనో అర్థం. తిప్పిన ప్రతిసారీ డ్రైవ్‌లో చదివే తల దాన్ని గీకుతుంది, గీకిన చోట ఉన్న సమాచారం పొడై పోతుంది, పైగా ఆ పొడి తలకి అంటుకుని తర్వాత పెట్టే ఫ్లాపీని కూడా పాడుచేస్తుంది. డ్రైవ్ తలని ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి పక్కన పెట్టు. మామూలు డ్రైవ్ చదివేటప్పుడు సెక్టార్ లెక్క కుదరకపోతే "చదవలేను" అని వదిలేస్తుంది. అదే గ్రీజ్‌వీజిల్ లాంటి చిన్న బోర్డు పెడితే అయస్కాంత సంకేతం ఎలా ఉందో అలాగే ఎత్తిపెట్టుకోవచ్చు, అర్థం చేసుకోవడం తీరిగ్గా తర్వాత.

ఇక నీ గది సంగతి. నీ వర్ణన బట్టి అది డికు మడ్ కుటుంబం. 1990, 91 ప్రాంతాల్లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఐదుగురు విద్యార్థులు రాశారు, ఆ విభాగం పొట్టిపేరే డికు. దాన్నుంచి పుట్టిన పిల్లలు, మనవలు వందల్లో ఉన్నాయి, 1993లో వచ్చిన సర్కిల్ మడ్ వాటిలో ఒకటి. వీటన్నిటిలోనూ గదుల ఫైలు మామూలు అక్షరాల ఫైలే. గది నంబరు, పేరు, వర్ణన, ఆ తర్వాత దారులు. 0 ఉత్తరం, 1 తూర్పు, 2 దక్షిణం, 3 పడమర, 4 పైకి, 5 కిందికి. దారి లేకపోతే నడిచి వెళ్లలేరు. కానీ ఇమ్మోర్టల్స్‌కి (ఆటని నడిపే అధికారం ఉన్నవాళ్లకి) "గోటూ" అనే ఆజ్ఞ ఉంటుంది. గోటూ 9907 అంటే నేరుగా అందులో పడతారు. కాబట్టి బగ్ కాదు, కావాలని కట్టుకున్న గదే.

గదుల ఫైలు గోడల గురించే చెప్తుంది. లోపల ఏముందో చెప్పేది జోన్ ఫైలు. అది చూశావా?

---

సున్నాఒకటి · ఆదివారం, ఉదయం 9:02

ఇలాంటి గది ప్రతి మడ్‌లోనూ ఉంటుంది. ఆటగాళ్లు తప్పుచేస్తే పారేసే జైలు ఒకటి, సామాన్లు పరీక్షించుకునే గది ఒకటి, ఇమ్మోర్టల్స్ కూర్చుని ఆటగాళ్ల మీద చాడీలు చెప్పుకునే గది ఒకటి. నేనూ నడిపాను రెండేళ్లు. మిస్టరీ ఏమీ లేదు. పాతది కాబట్టి గొప్పగా కనిపిస్తోంది, అంతే.

---

చిత్తుకాగితం · ఆదివారం, ఉదయం 10:30

సున్నాఒకటి గారూ, మీరు ప్రతి చర్చాదారంలోనూ ఇదే అంటారు :-)

దాచిన గది అంటే నాకు వెంటనే ప్లేటో గుర్తొచ్చింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి పెట్టిన కంప్యూటర్ వ్యవస్థ అది. నారింజ రంగు ప్లాస్మా తెరలు. వెబ్ పుట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే, 1973లోనే, అందులో చర్చలకి నోట్స్ అనే ప్రోగ్రాం, కబుర్లకి టాకొమాటిక్ వచ్చేశాయి. టాకొమాటిక్‌లో అవతలివాళ్లు కొట్టే ఒక్కో అక్షరం కొట్టగానే కనిపించేది, తప్పు కొట్టి చెరుపుకున్నా కనిపించేది. ఒక గదిలో ఐదుగురికే చోటు. ఇప్పుడు మనం "టైప్ చేస్తున్నారు..." అన్న మూడు చుక్కలు చూస్తూ టెన్షన్ పడుతున్నాం, వాళ్లకి ఆ బాధే లేదు.

అక్కడ విద్యార్థులు రాసిన ఆటలకి అధికారికంగా చోటు ఉండేది కాదు. 1975లో ఒకతను నేలమాళిగల్లో తిరిగే ఆట రాసి, దానికి పెడిట్5 అని పేరు పెట్టాడు. ఆటకి అదేం పేరు అనుకుంటాం. జనాభా, ఇంధనం మీద పనిచేసే ఒక బృందానికి పెడిట్1 నుంచి పెడిట్5 దాకా ఫైళ్లు కేటాయించారు, ఐదోది ఖాళీగా ఉంటే ఇతను అందులో దూర్చాడు, అంత నీరసమైన పేరున్న ఫైలు తెరిచి ఎవరు చూస్తారని. నిర్వాహకులు చూసి తీసేశారు. మళ్లీ పెట్టారు, మళ్లీ తీసేశారు. కంప్యూటర్లో వచ్చిన తొలి తరం పాత్రధారణ ఆటల్లో ఒకటిగా ఇప్పుడు దాన్ని చెప్పుకుంటున్నాం. 2004 నుంచి సైబర్1 అనే చోట ప్లేటోని మళ్లీ నడుపుతున్నారు, ఓపిక ఉన్నవాళ్లు వెళ్లి చూడొచ్చు.

మిణుగురు గారూ, జోన్ ఫైలు చూశారా? చెప్పకుండా వెళ్లిపోకండి.

---

మిణుగురు · ఆదివారం, మధ్యాహ్నం 3:20

చూశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి.

జోన్ ఫైలులో ఒక్కో వరుస ఒక అక్షరంతో మొదలవుతుంది. ఎం అంటే ఒక ప్రాణిని పెట్టు, ఓ అంటే ఒక వస్తువు పెట్టు, అలా. తర్వాత నాలుగు సంఖ్యలు, వాటిలో ఏ వస్తువు, ఏ గదిలో అన్నది ఉంటుంది. సంఖ్యల తర్వాత అదే వరుసలో ఏం రాసినా సర్వర్ పట్టించుకోదు, అందుకని బిల్డర్లు గుర్తు కోసం "మాంత్రికుడు", "తలుపు దగ్గర కాపలా" లాంటివి రాసుకునేవాళ్లం. నేనూ నా చిత్తడినేలలో "ఈ కప్పని ఎవరూ చంపకండి" అని రాసుకున్నా, ఎలాగూ ఎవరికీ కనపడదు కదా.

9907 గదికి 61 ఓ వరుసలున్నాయి. అరవై ఒకటి! నా చిత్తడినేల మొత్తంలో ఇరవై కూడా లేవు. ప్రతి వరుస చివరా ఒక మారుపేరు, ఒక తేదీ. కత్తి, ఫలానావాళ్లది, 1998 మార్చి. డాలు, ఫలానావాళ్లది, 1998 జూన్. ఖాళీ నీళ్లతిత్తి, ఫలానావాళ్లది, "పరీక్షలన్నారు, రాలేదు". ఒక ఉంగరం, ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఆ ఇద్దరూ ఆటలో పెళ్లి చేసుకున్నారు, మేమందరం గుళ్లో నిలబడి చప్పట్లు టైప్ చేశాం, నాకు బాగా గుర్తు. ఒక వరుసకి పేరు లేదు, ప్రశ్నార్థకం పెట్టాడు. వస్తువు రొట్టె.

అన్నీ రావడం మానేసినవాళ్ల పేర్లే. సున్నాఒకటి గారు చెప్పినట్టు సామాన్లు పరీక్షించుకునే గది అయితే తేదీలెందుకు?

---

నిద్రలేనివాడు · ఆదివారం, మధ్యాహ్నం 3:31

బగ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

---

టేపుబాబాయ్ · ఆదివారం, మధ్యాహ్నం 4:45

ఇప్పుడర్థమైంది. కొత్తవాళ్లకి అద్దె గురించి చెప్తే తప్ప ఇది అర్థం కాదు.

డికులో ఆట వదిలి వెళ్లేటప్పుడు ఊరికే వెళ్లిపోతే నీ దగ్గరున్న సామాన్లు పోతాయి. సత్రానికి వెళ్లి, అక్కడి గుమస్తా దగ్గర "రెంట్" అని కొట్టి, గది తీసుకుని వెళ్లాలి. సామాను బట్టి రోజుకింత అద్దె. మంచి కత్తి ఉంటే ఎక్కువ, ఖాళీ తిత్తి అయితే తక్కువ. నీ ఆట డబ్బు అయిపోయేదాకా సామాను భద్రం. నువ్వు నెలో రెండు నెలలో రాకపోతే డబ్బు కరిగిపోతుంది, సర్వర్ నీ అద్దె ఫైలు చెరిపేస్తుంది, లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) ఫలానావాళ్ల ఫైలు తీసేశాం అని ఒక్క వరుస పడుతుంది. అంతే. అంత కర్కశంగా ఎందుకు పెట్టారంటే డిస్కు చాలక, పైగా గొప్ప వస్తువులన్నీ రానివాళ్ల పెట్టెల్లో ఇరుక్కుపోతే ఆడేవాళ్లకి మిగలవని.

అంటే మీ ఇంప్ ఏం చేసి ఉంటాడు? లాగ్ చూసుకుంటూ, ఎవరి ఫైలు పోయిందో చూసి, వాళ్ల వస్తువుల్లో ఒకటి ఎంచి ఈ గదిలో వరుస రాశాడు. ఒక్కొక్కటీ చేత్తో. ఆటో స్క్రిప్ట్ అయితే "పరీక్షలన్నారు" అని రాయదు.

---

సున్నాఒకటి · ఆదివారం, సాయంత్రం 5:10

ఒప్పుకుంటాను, పరీక్ష గది కాదు. కానీ ఒక ప్రశ్న. ఇది మామూలు అక్షరాల ఫైలు, ఎవరైనా ఎప్పుడైనా మార్చొచ్చు. ఫ్లాపీ మీద ఫైలు తేదీ కూడా గడియారం సరిచేస్తే మారిపోతుంది. మిణుగురు గారి మీద అనుమానం కాదు. పాత ఫైలు దొరికింది కదా అని అందులో ఉన్నదంతా జరిగిందనుకోవడం నాకు అలవాటు లేదు.

---

చిత్తుకాగితం · ఆదివారం, సాయంత్రం 7:25

ఆ అనుమానం న్యాయమైనదే. 1984 ఏప్రిల్ 1న యూజ్‌నెట్‌లో (వెబ్ రాకముందు కంప్యూటర్ల మధ్య నడిచిన చర్చావేదిక) ఒక పోస్టు వచ్చింది, క్రెమ్‌వ్యాక్స్ అనే కంప్యూటర్ నుంచి, సాక్షాత్తూ సోవియట్ నాయకుడు చెర్నెంకో పేరుతో, మేమూ యూజ్‌నెట్‌లో చేరుతున్నాం అంటూ. యూరప్‌లో ఒకాయన చేసిన ఏప్రిల్ ఫూల్ అది. చాలామంది నమ్మారు. ఇప్పుడు ఎవరైనా ఆ ఒక్క పోస్టు తీసి చూస్తే రష్యా 1984లోనే చేరిందనుకుంటారు. తమాషా ఏంటంటే 1990లో వాళ్లు నిజంగానే చేరినప్పుడు, ఆ జోక్ గుర్తుపెట్టుకుని ఒక యంత్రానికి క్రెమ్‌వ్యాక్స్ అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు అబద్ధమేది, నిజమేది?

కాబట్టి ఒక్క పోస్టు చాలదు, చుట్టుపక్కల ఏముందో కూడా కావాలి. నవ్వు గుర్తు కథ చూడండి. 1982 సెప్టెంబర్ 19, ఉదయం 11:44, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం బులెటిన్ బోర్డులో స్కాట్ ఫాల్మన్ అనే ఆయన, జోకులకి ఈ గుర్తు పెట్టండి :-) అని రాశాడు. దాచుకోవాల్సినంత విషయం అనిపించక ఆయన కాపీ కూడా ఉంచుకోలేదు. ఇరవై ఏళ్లు ఆ కథ నోటిమాటగానే తిరిగింది. 2002లో కొందరు పట్టుబట్టి ఆనాటి బ్యాకప్ టేపులు వెతికి, వాటిని చదవగలిగే పాత డ్రైవ్ పట్టుకుని, ఆ రాతపద్ధతి విప్పుకుని పోస్టు బయటికి తీశారు. దాంతోపాటు దాని ముందున్న పోస్టులూ వచ్చాయి. లిఫ్ట్‌లో పాదరసం ఉంటే ఏమవుతుంది అని భౌతికశాస్త్రం పొడుపుకథ ఒకటి, దాని మీద ఎవరో "ఎడమవైపు లిఫ్ట్‌లో పాదరసం ఒలికింది, జాగ్రత్త" అని వేసిన జోక్, అది నిజమనుకుని కంగారుపడ్డవాళ్లు, ఆ తర్వాత జోకులకి ఏ గుర్తు పెట్టాలని రెండు మూడు రోజుల చర్చ. నాకైతే గుర్తు కన్నా ఆ లిఫ్టే ఇష్టం.

మిణుగురు గారి ఫైళ్లలో కూడా అలాంటి చుట్టుపక్కల ఏదో ఉండాలి. రెండో ఫ్లాపీలో ఏముండొచ్చు?

---

మిణుగురు · ఆదివారం, రాత్రి 8:02

పైన ఇంప్ చేతిరాతతో "బోర్డులు, ప్లేయర్లు" అని ఉంది. బోర్డులంటే ఆటలో గోడ మీద చీటీలు అంటించే చోటు. అంటే మేం రాసుకున్న మాటలన్నీ.

---

కొత్తమొహం · ఆదివారం, రాత్రి 8:40

అక్కా ఇదేదో సినిమాలా ఉంది! రెండోది కూడా తీయించి మొత్తం అప్‌లోడ్ చేసేయండి, పేర్లూ బోర్డులూ అన్నీ. ఆ జనం వెతుక్కుంటూ వస్తారు. చరిత్ర కదా, అందరిదీ.

---

సున్నాఒకటి · ఆదివారం, రాత్రి 9:15

వద్దు. ఈ ఒక్క విషయంలో గట్టిగా చెప్తున్నాను.

యూజ్‌నెట్‌లో 80ల్లో రాసినవాళ్లు చాలామంది సొంత పేరుతో, సొంత ఆఫీసు చిరునామాతో రాశారు. ఎందుకంటే డిస్కు చాలక సర్వర్లు రెండు మూడు వారాలకి పాత పోస్టులు చెరిపేసేవి. అది బజారులో మాట్లాడుకున్నట్టే అనుకున్నారు, గాలికి పోతుందని. 1995లో డెజా న్యూస్ వచ్చి పోస్టుల్ని దాచి వెతకడానికి పెట్టింది. అప్పుడు మొదలైంది గోల. నా పోస్టు దాచొద్దు అని చెప్పడానికి పోస్టు హెడర్‌లో ఎక్స్-నో-ఆర్కైవ్ అనే వరుస పెట్టుకోవడం అప్పుడే అలవాటైంది. పదిహేనేళ్ల కిందట రాసినవాళ్లకి ఆ అవకాశం ఏది? 2001లో డెజాని గూగుల్ కొన్నాక, పాత టేపుల్లో ఉన్నవి కూడా కలిపి 1981 నుంచి అంతా బయటపెట్టింది. ఆ టేపుల కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఉండేది, తన పాత పోస్టుల విషయంలో ఒకరు చట్టపరంగా వెంటపడటంతో 2020లో మొత్తం సంచయాన్నే దించేశారు. ఒకరి బాధ తీర్చబోయి అందరి చరిత్రా పోయింది. అదే నేను చెప్పేది, ముందు ఆలోచించకుండా పెడితే తర్వాత రెండువైపులా నష్టమే.

మిణుగురు గారి బోర్డుల్లో పదిహేడేళ్ల పిల్లలు రాత్రి రెండింటికి రాసుకున్న మాటలుంటాయి. నేను నడిపిన మడ్‌లో ఏముండేవో నాకు తెలుసు.

---

టేపుబాబాయ్ · సోమవారం, ఉదయం 5:50

సున్నాఒకటి చెప్పింది సగం ఒప్పుకుంటాను. మిగతా సగం మీద నాకు పేచీ ఉంది.

ఆ టేపుల కథ పూర్తిగా చెప్పాలి. టొరంటో విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగం. అవును, జంతుశాస్త్రమే. అక్కడి కంప్యూటర్లు చూసుకునే హెన్రీ స్పెన్సర్ 1981 నుంచి తన యంత్రానికి వచ్చిన యూజ్‌నెట్ పోస్టులని చెరిపే ముందు టేపు మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. పదేళ్లు. 141 టేపులు, 20 లక్షలకు పైగా పోస్టులు. యూజ్‌నెట్ మొదలుపెట్టిన డ్యూక్ విశ్వవిద్యాలయంవాళ్లు దాచలేదు, దాన్ని దేశమంతా మోసిన బెల్ ల్యాబ్స్ దాచలేదు. జంతుశాస్త్రంవాళ్లు దాచారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబర్‌లో గ్నూ (స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు) మొదలుపెడుతున్నానని రాసిన పోస్టు, దాని కింద ఎవరేమన్నారు, 1986, 87ల్లో చర్చా గుంపుల పేర్లన్నీ మార్చేస్తుంటే (నెట్ డాట్ అని మొదలయ్యేవన్నీ కాంప్, రెక్, సై, సాక్, టాక్ లాంటి పేర్లతో మారిపోయాయి) జనం ఎలా కొట్టుకున్నారు, ఇవన్నీ ఆయన పుణ్యమే.

ఆ రోజుల్లో టేపంటే ఏంటో కూడా చెప్పాలి. అర అంగుళం వెడల్పు, చుట్టకి 2400 అడుగులు. అంగుళానికి 1600 అక్షరాల సాంద్రతలో రాస్తే ఒక చుట్టలో నలభై మెగాబైట్లు పట్టడం కూడా గగనం. నేను ఉద్యోగంలో అలాంటివి వందలు మార్చాను. టేపు మీద అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఏళ్లు గడిస్తే బంకబంకగా అయి తల దగ్గర అతుక్కుని కీచుమంటుంది. అప్పుడు చేసే వైద్యం ఏంటో తెలుసా? సన్నటి సెగ మీద, యాభై డిగ్రీల దరిదాపుల్లో, గంటలకొద్దీ కాచడం. తేమ పోతుంది, కొన్నాళ్లు పనిచేస్తుంది, ఆ కొన్నాళ్లలో కాపీ తీసేసుకోవాలి. మొదటిసారి చేసినప్పుడు ఓవెన్ ముందు కూర్చుని చెమటలు కక్కాను, లోపల ఉన్నది ఇంకెక్కడా లేని టేపు మరి.

నా పేచీ ఏంటంటే, "ముందు ఆలోచించి తర్వాత దాచుదాం" అంటే ఏదీ మిగలదు. ఆలోచన పూర్తయ్యేలోపు జిగురు కరిగిపోతుంది. ముందు దాచాలి. చూపించడమా మానడమా అన్నది వేరే ప్రశ్న, దానికి ఎన్నేళ్లైనా తీసుకోవచ్చు. దాచడం, బయటపెట్టడం ఒకటి కాదు.

---

సున్నాఒకటి · సోమవారం, ఉదయం 8:20

దాచడం వరకు నాకు అభ్యంతరం లేదు బాబాయ్ గారూ. నేనన్నది అప్‌లోడ్ గురించే.

---

కొత్తమొహం · సోమవారం, ఉదయం 9:05

నేను అన్నది కూడా తప్పేం కాదు కదా. జియోసిటీస్ సంగతి చూడండి, జనం సొంత వెబ్ పేజీలు కట్టుకునే సైట్ అది. అక్కడ పేజీలు పేటలవారీగా ఉండేవట, సైన్స్ ఫిక్షన్‌వాళ్లంతా ఏరియా51లో, పాటలవాళ్లు సన్‌సెట్‌స్ట్రిప్‌లో, ఇంటి నంబర్లతో సహా. 1999లో యాహూ సుమారు 350 కోట్ల డాలర్లకి కొంది, పదేళ్లకే, 2009 అక్టోబర్ 26న, మూసేసింది. ఆర్కైవ్ టీమ్‌వాళ్లు (మూతపడే సైట్లని దాచే స్వచ్ఛంద బృందం) ఎవరినీ అడక్కుండా దొరికినంత దించుకుని 2010లో టోరెంట్‌గా వదిలారు. ఒక్కొక్కరినీ అడిగి దించుకుని ఉంటే ఏం మిగిలేది?

---

మోడరేటర్ · సోమవారం, ఉదయం 9:30

జియోసిటీస్ చర్చ మొదలైతే ఆగదని అనుభవం. దానికి విడిగా దారం ఉంది, దయచేసి అక్కడ. ఇక్కడ ఎవరూ ఆ 61 పేర్లలో ఒక్కటి కూడా పోస్ట్ చేయకండి, మారుపేరైనా సరే.

---

చిత్తుకాగితం · సోమవారం, మధ్యాహ్నం 1:10

కొత్తమొహం, చిన్న తేడా ఉంది. జియోసిటీస్ పేజీ లోకానికి చూపించుకోవడానికి కట్టుకున్నది. బోర్డు మీద చీటీ ఆ నలభై మంది కోసం రాసింది. కానీ గదుల వర్ణనలు, చిత్తడినేల, కప్ప, ఇవి ఎవరి రహస్యాలూ కావు, బిల్డర్లు రాసిన రచనలు. ప్రపంచాన్ని చూపించి మనుషుల మాటలు మూసి ఉంచొచ్చు కదా.

లూకాస్‌ఫిల్మ్ 1986లో కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ కోసం హాబిటాట్ అనే బొమ్మల ఊరు తయారుచేసింది. దాన్ని ఒక మ్యూజియంవాళ్లు, దాని అసలు రూపకర్తలు కలిసి మళ్లీ నిలబెట్టారు, సోర్స్ కోడ్ 2016లో అందరికీ ఇచ్చారు. ఇళ్లు, చెట్లు, తలల దుకాణం (అవును, అందులో తల మార్చుకోవచ్చు) అన్నీ ఉన్నాయి. ఆనాటి మనుషులు లేరు. వెళ్లి చూస్తే కాస్త దిగులుగానే ఉంటుంది, అయినా ఊరి నక్షా చూస్తే ఎవరు ఎక్కడ గుమికూడేవాళ్లో అర్థమవుతుంది.

---

నిద్రలేనివాడు · మంగళవారం, తెల్లవారుజాము 3:47

పేరుకి తగ్గట్టు రాత్రంతా కూర్చున్నా. మిణుగురు గారు మొదటి ఫ్లాపీలోవి నాకు మెసేజ్‌లో పంపారు (గది వరుసల చివర పేర్లు తీసేసే పంపారు, నేను చూడలేదు). సర్కిల్ మడ్ పాత వెర్షన్ కంపైల్ చేసి ఆ ఫైళ్లు ఎక్కించా. గదులు, వస్తువులు, ప్రాణులు అన్నీ కిక్కురుమనకుండా ఎక్కేశాయి, అక్షరాల ఫైళ్లు కదా, ఇంకో యాభై ఏళ్లైనా ఎక్కుతాయి.

రేపు రెండో ఫ్లాపీ చదివినా ప్లేయర్ ఫైలు మాత్రం ఇంత తేలిగ్గా ఎక్కదు, ఇప్పుడే చెప్తున్నా. అది మెమరీలో ఉన్నదాన్ని ఉన్నట్టు డిస్కు మీద గుమ్మరించిన ఫైలు. అప్పటి 32 బిట్ యంత్రంలో నాలుగు బైట్లు పట్టే సంఖ్యలు ఇప్పటి 64 బిట్‌లో కొన్ని ఎనిమిది పడతాయి, దాంతో లెక్కంతా జరిగిపోయి ఒకరి బలం ఇంకొకరి పేరులో కలుస్తుంది. పాస్‌వర్డులు కూడా అందులోనే ఉంటాయి, గుప్తలిపిలో ఉన్నా ఆ కాలం గుప్తలిపి ఇప్పుడు ఏ మూలకి. అది బయటికి రావద్దు, సున్నాఒకటి అన్నతో ఇందులో నేనూ ఏకీభవిస్తున్నా.

సర్వర్ నా దగ్గర నడుస్తోంది. లోపలికి ఇద్దరికే అనుమతి, మిణుగురు గారికీ నాకూ. కప్పని చూశాను. చంపలేదు.

ఒక్కటి అడగాలి. 9907కి దారి పెట్టమంటారా? గుడి మంటపంలోంచి పైకి అని ఒక్క వరుస చాలు.

---

చిత్తుకాగితం · మంగళవారం, ఉదయం 7:00

పెట్టొద్దు! 1989లో మొదలై కొన్ని నెలలకే మూతపడ్డ టైనీమడ్ అని ఒకటుంది. దాని పాత డేటాబేస్‌ని ఏటా ఆగస్టులో ఒక్కరోజు తెరవడం ఆనవాయితీ చేసుకున్నారు. ఆ రోజు లోపలికి వెళ్తే అన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఎవరూ సర్దరు, మరమ్మతు చేయరు. అది నాకు నచ్చుతుంది.

---

టేపుబాబాయ్ · మంగళవారం, ఉదయం 7:12

కాపీలో ఏమైనా చేసుకోండి, అసలు ఫైలు మాత్రం ముట్టుకోకండి. అమ్మా, నా చిరునామా మెసేజ్‌లో పెట్టాను, ఆ ఫ్లాపీని రెండు అట్టల మధ్య పెట్టి పంపు. సంకేతం ఎత్తి నీకే ఇస్తాను, తెరిచి చూడను.

---

మిణుగురు · మంగళవారం, రాత్రి 10:25

ఫ్లాపీ పంపాను బాబాయ్ గారూ. చదవగలిగితే బోర్డుల ఫైలు నా దగ్గరే ఉంటుంది, ప్లేయర్ ఫైలు తాళం వేసిన డిస్కులో పెడతాను. గదుల వర్ణనలు మాత్రం రాసిన బిల్డర్లలో నాకు దొరికిన ముగ్గురినీ అడిగాను. ఇద్దరు సరే అన్నారు, మూడో ఆయన "నేను రాసిన గుహలో అచ్చుతప్పులు దిద్దాకే" అన్నాడు. దిద్దకూడదని చెప్పడానికి గంట పట్టింది.

దారి వద్దు, నిద్రలేనివాడు గారూ. గోటూతోనే వెళ్లాను.

నా పేరు 43వ వరుసలో ఉంది. ఆదివారం చెప్పలేదు, చెప్పబుద్ధి కాలేదు. సర్వర్ మూతపడటానికి ముందు నాలుగు నెలలు నేను వెళ్లలేదు, ఆ సంగతే నేను మర్చిపోయాను, ఇన్నాళ్లూ సర్వరే నన్ను వదిలి వెళ్లిందనుకుంటున్నా. నాకు ఉంచిన వస్తువు లాంతరు. వస్తువుల ఫైలులో లాంతరుకి ఇంకా ఎన్ని గంటలు వెలుగుతుందో ఒక సంఖ్య ఉంటుంది. మా ఆటలో కొత్త లాంతరుకి 100. నా చిత్తడినేలలో తిరిగి తిరిగి నాది ఎప్పుడూ ఆరిపోయే ఉండేది, అందరూ ఏడిపించేవాళ్లు, పేరు మిణుగురు, చేతిలో చీకటి అని. జోన్ ఫైలు మామూలు లాంతరుని పెడితే అది 100తోనే వస్తుంది. ఆరిపోయిన లాంతరు కావాలంటే దానికి వేరే నంబరుతో కొత్త వస్తువు రాయాలి. రాశాడు. సంఖ్య 0.

కాసేపు అరలు చూశాను. కిటికీ చూడు అని కొడితే, అక్కడ ప్రత్యేకంగా ఏమీ కనిపించడం లేదు అని వచ్చింది. తర్వాత కిందికి అని కొట్టాను, గుడి మంటపంలో పడ్డాను. పైకి అని కొడితే అటు దారి లేదంది.